టెంపరెన్స్ స్కోఫీల్డ్ ఎర్ర లంగా

స్కోఫీల్డ్ ఫెర్రీ అనే ఊళ్ళో ఆ లంగా సంగతి తెలియని మనిషి లేడు. 1777లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో, ఇంగ్లీషు సైన్యం డెలవేర్ నది అవతలి గట్టుకొచ్చిందట. పడవ నడిపేవాడి పెళ్ళాం టెంపరెన్స్ స్కోఫీల్డ్ ఒంటిమీది ఎర్ర లంగా చింపేసిందట. మొగుడి తెల్ల చొక్కా చింపేసిందట. చచ్చిపోయిన సిపాయి నీలం కోటులోంచి ఇంత ముక్క కోసిందట. అన్నీ కలిపి జెండా కుట్టి పడవ కొయ్యకి కడితే, అది చూసి ఇంగ్లీషువాళ్ళు దారి మార్చుకున్నారట. ఒక సైన్యం లంగా చూసి దారి మార్చుకోవడమేమిటని రెండు వందల యాభై ఏళ్ళలో ఒక్కడూ అడగలేదు. నాలుగో తరగతి పిల్లలు ఏటా నాటకం వేస్తారు. లంగా చింపే ఘట్టం రాగానే హాలంతా చప్పట్లు. బెర్నడీన్ హోటల్లో చెర్రీపళ్ళు కూరి కాల్చే తీపి 'పై' కూడా 'లంగా పై' అనే పేరుతోనే అమ్ముడుపోతుంది.

అర్లీన్ క్రెస్‌మన్ కూడా తొమ్మిదేళ్ళ వయసులో ఆ నాటకంలో టెంపరెన్స్ వేషం కట్టింది. ఇప్పుడామెకి అరవై ఏడు. పక్క ఊళ్ళో జెండాలు కుట్టే షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు మిషను తొక్కింది. షాపు మూసేశాక, మొగుడు పోయాక, తొమ్మిదేళ్ళ కిందట ఊరి మ్యూజియం తాళంచెవి తెచ్చుకుంది. మ్యూజియం అంటే పెద్దదేం కాదు. ఒకప్పుడు తోళ్ళు పదునుచేసిన రాతి కట్టడంలో రెండు గదులు. జీతం లేదు, ఉత్త చాకిరీ. కానీ పొద్దున్నే లేవడానికి ఆమెకి ఆ తాళంచెవి తప్ప ఇంకో కారణం లేదు. ఊరందరికీ ఆ సంగతి తెలుసు.

టెంపరెన్స్ జెండా ఉన్నది ఆ మ్యూజియంలోనే, గాజు పెట్టెలో, మసక దీపం కింద, పైన టెంపరెన్స్ లంగా చింపి కుట్టిందని రాసిన కార్డుతో. పెట్టె తెరిచే హక్కు స్కోఫీల్డు వంశానిది. ఏటా జూన్ పద్నాలుగున, జెండా పండగనాడు, ఆ ఇంటివాళ్ళొచ్చి తీస్తారు, ఊరంతా లేచి నిలబడుతుంది, మళ్ళీ లోపల పెట్టేస్తారు. మిగతా రోజుల్లో అర్లీన్ గాజు తుడుస్తుంది. అంతే.

ఈ ఏడు దేశానికి రెండు వందల యాభై నిండుతున్నాయని రాష్ట్ర రాజధానిలో పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. జెండా పంపమని ఉత్తరం వచ్చింది. దాంతోపాటు ఒక ఫారం. పొడుగెంత, వెడల్పెంత, గుడ్డేమిటి, దారమేమిటి, ఎవరు ఎప్పుడు కుట్టారు. వస్తువుని చూసుకునే మనిషే కొలిచి, రాసి, సంతకం పెట్టాలి. అలా ఏప్రిల్లో ఒకరోజు, స్కోఫీల్డుల అనుమతితో, తొమ్మిదేళ్ళలో మొదటిసారి అర్లీన్ ఆ జెండాని బల్లమీద పరిచి అంచు తిరగేసింది.

పది సెకన్లు పట్టలేదు. మిషను కుట్టు. 1777కి కుట్టుమిషనే పుట్టలేదు. పైన ఒక దారం, కింద బాబిన్ కండెలోంచి ఒక దారం, మధ్యలో ముడి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె కళ్ళ ముందు కదిలింది ఆ కుట్టే. గుడ్డ చూస్తే మేలిరకం ఉన్ని, బేళ్ళుగా వచ్చే సరుకు, ఎవరి లంగాలోంచీ రాలేదు. తాడు దూర్చే పట్టీ లోపలి మడతలో, నల్ల సిరాతో, గోరంత అంకె. 37. అది చూసి అర్లీన్ కుర్చీలో కూలబడింది. జెండాల షాపుల్లో ప్రతి ఆడమనిషికీ ఒక నంబరుంటుంది. కుట్టిన జెండాకల్లా ఆ మడతలో వేస్తారు. మెచ్చుకోవడానికి కాదు, కుట్టు వంకరపోతే ఎవర్ని తిట్టాలో తెలియడానికి. అర్లీన్ నంబరు 112.

తొమ్మిదేళ్ళు గాజు తుడిచాను, తలవంచి ఒక్కసారి కుట్టు చూడలేదు, అని తనని తాను తిట్టుకుంది. తిట్టుకోవడం అయ్యాక ప్రిన్సిపాల్ దగ్గరికి బయల్దేరింది.

ప్రిన్సిపాల్ అంటే థర్స్టన్ స్కోఫీల్డ్. డెబ్భై నాలుగేళ్ళు. హైస్కూల్లోంచి రిటైరయి పన్నెండేళ్ళయినా ఊరు ఇంకా అలాగే పిలుస్తుంది. చరిత్ర సంఘానికి అధ్యక్షుడు. వరండాలో కూర్చుని విత్తనాల పొట్లాలు విప్పుకుంటున్నాడు.

"ప్రిన్సిపాల్ గారూ, ఆ జెండా మిషను మీద కుట్టింది."

"టెంపరెన్స్ కుట్టు చాలా సమంగా ఉండేదని మా ముత్తాత రాశాడు, అర్లీన్."

"అంగుళానికి పది పడ్డాయి. తొమ్మిది కాదు, పదకొండు కాదు. ఆరడుగుల పొడుగునా పదే. మనిషి చెయ్యి అలా పోదు."

"భక్తితో కుట్టింది."

"భక్తికి బాబిన్ ఉండదండీ."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. స్కూల్లో పిల్లలు హద్దు మీరినప్పుడు అలాగే చేసేవాడు. "నక్షత్రాలు లెక్కపెట్టావా? పదమూడు. పదమూడు రాష్ట్రాలు ఎప్పుడున్నాయి? ఇంత చిన్న లెక్క నేను నీకు చెప్పాలా?"

ఇదిగో, ఇక్కడే అర్లీన్‌కి తిక్క రేగేది. ఈ దేశంలో పదమూడు చుక్కలున్న ప్రతి గుడ్డముక్కా 1777దే. అటకమీద దొరికితే మరీను.

"1876లో దేశానికి వందేళ్ళ పండగ చేశారు. అప్పుడు పదమూడు చుక్కలవి బళ్ళకొద్దీ కుట్టారు, పాతకాలం ముచ్చట తీర్చుకోడానికి. నేవీవాళ్ళు చిన్న పడవల మీద 1916 దాకా పదమూడే ఎగరేశారు, చిన్న గుడ్డలో అన్ని రాష్ట్రాల చుక్కలూ పట్టవని. చుక్కలు లెక్కపెడితే ఏ సంవత్సరమో తెలియదండీ. కుట్టు చూస్తే తెలుస్తుంది."

"మా ముత్తాత అబద్ధం రాశాడంటావ్."

"ఆయన రాసింది 1893లో. అంతకుముందు ఒక్క కాగితమ్మీద లంగా అన్న మాట చూపించండి."

"ఇంట్లో చెప్పుకునేవాళ్ళు."

"మొదటి జెండా కుట్టిందంటారే, ఫిలడెల్ఫియాలో ఆ బెట్సీ రాస్ కథా ఇంట్లో చెప్పుకున్నదే. మనవడు బయటికొచ్చి నలుగురిలో చెప్పింది 1870లో. అప్పటికి ఆవిడ పోయి ముప్పై నాలుగేళ్ళు. ఆవిడ జెండాలు కుట్టినమాట నిజం, డబ్బిచ్చిన కాగితాలున్నాయి. మొదటి జెండా ఆవిడే కుట్టిందని మాత్రం ఒక్క కాగితం లేదు. 1777లో కాంగ్రెస్ తీర్మానం చేసినప్పుడు చుక్కలు ఎలా పేర్చాలో కూడా రాయలేదు. ఎవడికి తోచినట్టు వాడు కుట్టుకున్నాడు. తెలియనిది తెలియదనడానికి మనకేం జబ్బు?"

థర్స్టన్ విత్తనాల పొట్లం మడిచాడు. "సరే. ఋజువే కావాలిగా. ఊళ్ళో ముక్కలున్నాయి. తెప్పించి చూసుకో."

ముక్కలంటే, ఆ జెండా చివర అడుగున్నర లేదు. స్కోఫీల్డులు ఒకప్పుడు పెళ్ళిళ్ళకీ, సిపాయిల చావులకీ కత్తిరించి కానుకలిచ్చారు. ఊళ్ళో సగం ఇళ్ళలో ఆ ముక్క బైబిల్లోనో, లాకెట్‌లోనో ఉంటుంది. అర్లీన్ హోటల్ తలుపుకి కాగితం అంటించింది, ముక్కలున్నవాళ్ళు శనివారం తీసుకురండి, చూసి వెంటనే ఇచ్చేస్తానని.

నలభై మూడు ముక్కలొచ్చాయి. బల్లమీద పక్కపక్కన పేర్చింది. తెగిపోయిన అడుగున్నర మూడుసార్లు పూడ్చి ఇంకా మిగిలాయి. ఒకటి గళ్ళ గుడ్డ. ఒకటి నైలాను. ఒకటి ఆకుపచ్చది.

"ఇది పచ్చగా ఉందేమ్మా?" అంది అర్లీన్, తెచ్చినావిడతో.

"నీలం వెలిసి అలా అయింది."

"వెలిస్తే తెల్లబడుతుంది. పచ్చబడదు."

"మా ఇంట్లో పచ్చబడింది," అందావిడ, ముక్క లాగేసుకుని చేతిసంచీలో వేసుకుంటూ. "నీకు అన్నిటికీ ఓ పుల్ల పెట్టడమే పని."

చివరికి ఒక ముసలామె వచ్చింది. కవరులోంచి తీసిన ముక్క తపాలా బిళ్ళంత. కొడుకు యుద్ధానికి వెళ్ళినప్పుడు జేబులో పెట్టి పంపిందట, వాడితోపాటు క్షేమంగా తిరిగొచ్చిందట. అర్లీన్ భూతద్దం పెట్టి చూసింది. నేత చూస్తే పరుపు గలీబుదే. కవరులో జాగ్రత్తగా పెట్టి, "బాగా దాచుకున్నారు," అని ఇచ్చేసింది.

మే నెలలో ఫైర్ స్టేషన్ హాల్లో సంఘం సమావేశం. పెద్ద డ్రమ్ములో కాఫీ, అట్ట ప్లేట్లలో బంగాళాదుంప సలాడ్. అర్లీన్ లేచి కుట్టు గురించీ, నంబరు గురించీ చెప్పింది. తెల్లగోడమీద ఫొటోలు చూపించింది. తర్వాత థర్స్టన్ లేచాడు. ఆయనకి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"ఈ ఊళ్ళో ఏముంది చెప్పండి," అన్నాడు. "గ్యాస్ బంకు, చర్చి, ఏటా మునిగే వంతెన. ఆ జెండా ఒక్కదాన్ని చూసి మన పిల్లలు మేం ఫలానా ఊరివాళ్ళమని చెప్పుకుంటారు. దాన్ని తీసేసి అర్లీన్ వాళ్ళకి ఏమిస్తుంది? ఒక అంకె."

"అంకె కాదు, అంకె వెనక మనిషి," అంది అర్లీన్. "మిషను మీద నడుం పడిపోయేలా కూర్చున్న ఆడది. ఆమె పేరు ఎవడూ అడగలేదు. లేని లంగాకి కార్డు పెట్టారు, ఉన్న మనిషిని మడతలో దాచారు."

"నంబరుకి నాటకం ఎలా వేయిస్తామమ్మా?" అని వెనకనించి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. అర్లీన్‌కి మాత్రం నవ్వు రాలేదు.

ఓట్లేశారు. పాత కార్డు ఉంచాలని ముప్పై ఒకటి, మార్చాలని ఏడు. అప్పుడు థర్స్టన్ ఫారం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. టెంపరెన్స్ స్కోఫీల్డ్, 1777 అని టైపు చేయించి ఉంది. సంతకం చోటు ఖాళీ.

"సంఘం నిర్ణయం అయిపోయింది. నువ్వు సంతకం పెడితే అందరం ముందుకెళ్ళిపోతాం."

"పెట్టకపోతే?"

ఆయన బల్ల వంక చూశాడు. "సంఘం మాట వినే మనిషి దగ్గరే తాళంచెవి ఉండాలి, అర్లీన్. నాకిది ఇష్టమై అనట్లేదు."

అర్లీన్ పెన్ను తీసుకుంది. ఓ క్షణం ఆమెకే అనుమానమొచ్చింది, పెట్టేస్తానేమోనని. పొద్దున్న ఎనిమిదింటికి తాళం తీయడం, రాతిగోడల చల్లదనం, కాఫీ ఫ్లాస్కు, గాజు తుడిచే పాత బనీను గుడ్డ. ఆ ఎనిమిది గంటలకి రేపట్నుంచి ఎక్కడికి పోవాలి? పెన్ను మూతపెట్టి, మెళ్ళోంచి తాళంచెవి తాడు తీసి ఫారం మీద పెట్టింది. ఇంటికెళ్ళి టీవీ పెట్టుకుని ఏం చూస్తోందో తెలియకుండా చూసింది.

మూడోరోజున తెలిసింది, తాళంచెవి బెర్నడీన్‌కి ఇచ్చారని. హోటల్ బెర్నడీన్. జెండాల షాపులో ఇరవై రెండేళ్ళు అర్లీన్ పక్క మిషను మీద కూర్చున్న బెర్నడీన్. ఫారం మీద ఆవిడచేత సంతకం పెట్టిస్తారట. అర్లీన్ సరాసరి హోటల్లోకి వెళ్ళి గల్లా ముందు నిలబడింది.

"పెడతావుటే సంతకం?"

"కూర్చో. కాఫీ తాగు."

"నీ కాఫీ నాకేం వద్దు. పెడతావా?"

"నాకు ఈ ఊళ్ళో హోటలుందే," అంది బెర్నడీన్, గిన్నె తోముతూనే. "నీకు పింఛనుంది. నువ్వు ఎవరితో తగువు పెట్టుకున్నా నీ ఇల్లు నడుస్తుంది. నేను ప్రిన్సిపాల్‌తో పెట్టుకుంటే ఆదివారం చర్చి బేరం మొత్తం అవతలి గట్టుకి పోతుంది."

"'లంగా పై' పోతుందని ఏడుస్తున్నావ్."

"రోజుకి పదహారు 'పై'లు అమ్ముతాను. నువ్వొచ్చి నీ 'ముప్పై ఏడో నంబరు పై' అమ్మి చూడు, ఎవడు తింటాడో."

"ఒకసారి అంచు తిరగేసి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం."

"నే చూడను. చూడకపోతే పెట్టొచ్చు."

అర్లీన్ తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయింది. గుడ్డివాళ్ళకైనా దారి చూపించొచ్చు గానీ చూడనని ఒట్టేసుకున్నవాళ్ళని ఏం చేస్తాం అని దారంతా గొణుక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం బెర్నడీన్ ఆప్రాన్ విప్పకుండానే ఆమె ఇంటికొచ్చింది. మెట్లమీద కూలబడింది.

"చూశావా?"

"ఎడంవైపు మూడో పట్టీ దగ్గర ఆ ముప్పై ఏడో నంబరుదానికి బాబిన్‌లో దారం అయిపోయిందే," అంది బెర్నడీన్. "రెండంగుళాలు వెనక్కొచ్చి మళ్ళీ మొదలెట్టింది. సూపర్‌వైజర్ కంటపడకుండా చుక్క కింద దాచింది. సరిగ్గా నేను దాచేచోటే." ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. "సంతకం పెట్టబోతే చెయ్యి రాలేదు. నీ మూలాన నా ఆదివారం బేరం పోయింది, తెలుసా?"

"నేను ఒక్కసారి అంచు చూడమన్నాను. అంతే."

"అదే మరి. నోర్మూసుకుని ఉండాల్సింది."

చివరికి థర్స్టనే సంతకం పెట్టాడు. జూన్ మొదటి వారంలో ప్రదర్శన తరఫున ప్రూయిట్ అనే అమ్మాయి వచ్చి, చేతులకి తొడుగులేసుకుని, అంచు తిరగేసి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఉత్తరమొచ్చింది. 1777 జెండాగా తీసుకోలేమనీ, 1876 నాటి షాపు జెండాగా అయితే కుట్టినామె నంబరుతో సహా సంతోషంగా పెడతామనీ. సంఘం మళ్ళీ కూర్చుంది. అలాగైతే పంపేదే లేదని తీర్మానించింది. అర్లీన్ ఆ ఉత్తరం నకలు మూడుసార్లు చదివింది. రాజధానిలో ఆ మనిషికి చోటిస్తామన్నారు. సొంత ఊరు వద్దంది. ఆమెకి ఊరిమీద కోపం రావడం కూడా విసుగనిపించింది.

జెండా మళ్ళీ గాజు పెట్టెలోకి, పాత కార్డు కిందకి వచ్చింది. తాళంచెవి థర్స్టన్ జేబులోకి పోయింది.

కానీ ఫుట్‌పాత్‌కి తాళం ఉండదు. అది ఎవడబ్బ సొమ్మూ కాదు.

జూలై నాలుగున కవాతు చూడ్డానికొచ్చిన జనం పదిన్నరకే మ్యూజియం ముందు బారులు తీరారు. అప్పటికే అర్లీన్ గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, వాళ్ళమ్మ నాటి, కాలితో తొక్కే పాత మిషను వేసుకుని కూర్చుంది. ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ కలిపి జానెడు ముక్కలు కుట్టడం, వరసలో ఉన్నవాళ్ళ చేతిలో పెట్టడం.

"ఇది పట్టుకోండి. ఈ కుట్టు చూశారా? లోపలికెళ్ళి ఫోను లైటు వేసి, పైనుంచి రెండో ఎర్ర పట్టీ అతుకు చూడండి. మీ కళ్ళతో మీరే చూడండి. నా మాట నమ్మొద్దు, ఆ కార్డు మాటా నమ్మొద్దు."

కొందరు నవ్వి జేబులో వేసుకున్నారు. ఒకాయన తమరిది ఏ పార్టీ అని అడిగాడు. ఇంకో ఆవిడ ఎంతకిస్తారంది. బెర్నడీన్ హోటల్లోంచి నిమ్మరసం తెచ్చి, "మిషనుకి నూనె పెట్టలేదేమే, నాలుగు వీధుల అవతలికి వినిపిస్తోంది," అని, పక్కన ఇంకో కుర్చీ వేసుకుని ముక్కలు కత్తిరించడం మొదలెట్టింది.

పన్నెండు దాటాక థర్స్టన్ బయటికొచ్చాడు. కాలరు తడిసిపోయింది. "లోపల ఒక్కడూ కార్డు చదవట్లేదు," అన్నాడు. "అందరూ గాజుకి ముక్కులానించి కుట్లు లెక్కపెడుతున్నారు. గాజంతా మరకలు. ఎవరు తుడుస్తారు?"

"తాళంచెవి ఇస్తే నేను తుడుస్తాను. కార్డు కూడా మారుస్తాను."

"అది కుదరదు."

"అయితే మీరే తుడుచుకోండి. పాత బనీను గుడ్డ సొరుగులో ఉంది."

ఆయన మిషను మీద పోతున్న గుడ్డవంక చూసి లోపలికెళ్ళిపోయాడు.

అప్పుడు లోపల్నుంచి ఒక జంట బయటికొచ్చింది. ఎక్కడో పడమటి రాష్ట్రాలవాళ్ళు. అతను టోపీ తీసి పట్టుకున్నాడు. ముఖం చూస్తే నిజంగానే కదిలిపోయినట్టున్నాడు. పొద్దున్నుంచీ అర్లీన్ ఎదురుచూసిన ముఖం అదే.

"చూశానండీ. మిషను కుట్టే," అన్నాడు. "మరి ఆ కుట్టినావిడ ఎవరు?"

"తెలీదు," అంది అర్లీన్. "అప్పటి షాపుల పుస్తకాలేవీ మిగల్లేదు. తెలిసింది అంతే. 1876 ప్రాంతంలో ఒకామె కుట్టింది. పనిమంతురాలు."

అతను తల పంకించాడు. గుమ్మం వైపు తిరిగి చూశాడు. "పాపం, మొగుడు సివిల్ వార్‌లో పోయుంటాడు," అన్నాడు. "ఆ దుఃఖంతోనే, పిల్లల్ని పెట్టుకుని, ఒక్కొక్క చుక్కా కన్నీళ్ళతో..."

"అలా అని ఎక్కడ చూశారు?"

"ఎక్కడా చూళ్ళేదు. కానీ అలా అయ్యుంటే బాగుంటుంది కదా."

అతని పెళ్ళాం అప్పటికే వరసలో వెనకున్న ఆవిడకి చెప్పేస్తోంది, ఇది ఒక సిపాయి భార్య కుట్టిన జెండా అటండీ, అని. వెనకావిడ గుండెమీద చెయ్యేసుకుంది.

బెర్నడీన్ కత్తెర కిందపెట్టి, మొహం రెండు చేతుల్లో దాచుకుని నవ్వు ఆపుకుంటోంది. అర్లీన్ మిషను ఆపింది. ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. పక్కనున్న నిమ్మరసం సీసాల పెట్టె బోర్లించి అతని ముందుకి తోసింది.

"ఇలా కూర్చోండి బాబూ. మీ ఆవిణ్ణి కూడా పిలవండి. ఆ వెనకున్నావిణ్ణి కూడా. మళ్ళీ మొదట్నుంచి చెప్తాను."